అంకెల మొత్తం: వైల్ లూప్ ఎక్కడ ఆగాలి?

520001 లాంటి సంఖ్యలో అంకెలన్నీ వైల్ లూప్‌తో (ఒక షరతు నిజమైనంతసేపు అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్‌తో) ఎలా కూడాలి, లూప్ ఎప్పుడు ఆపాలి అన్నది మీ ప్రశ్న. బెజవాడ పిన్‌కోడే ఇచ్చారు, దాంతోనే చూద్దాం.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) తూకం ఊహించుకోండి. నెట్టు (బస్తాల దొంతర) మీంచి ఒకటి దింపి, బరువు రాసి, పక్కన పెట్టాలి. నెట్టు ఖాళీ అయ్యేదాకా అదే పని. ఇక్కడా అంతే. సంఖ్యను 10తో భాగిస్తే వచ్చే శేషం చివరి అంకె, 1. దాన్ని మొత్తానికి కలపండి. భాగఫలం 52000 మిగిలిన సంఖ్య. మళ్లీ మొదలు.

చాలామంది తప్పు చేసేది ఆపే షరతు దగ్గరే. "చివరి అంకె సున్నా అయితే ఆపు" అని రాస్తారు. అప్పుడు 52000 దగ్గరే ఆగిపోయి జవాబు 1 వస్తుంది. చూడాల్సింది అంకెను కాదు, సంఖ్యను. సంఖ్య 0 కన్నా పెద్దగా ఉన్నంతసేపు తిరగనివ్వండి. 52000, 5200, 520, 52, 5, 0. ఆరు చుట్లు, మొత్తం 8.

కోడ్ రాసే భాష పైథాన్ అయితే భాగహారానికి రెండు గీతలు (//) పెట్టండి. ఒక్క గీత (/) పెడితే 52000.1 వస్తుంది, లెక్క చెడిపోతుంది. మొత్తాన్ని సున్నా చేసే లైను లూప్‌కు బయటే ఉండాలి. లోపల పెడితే ప్రతి చుట్టులోనూ పాత కూడిక చెరిగిపోయి చివరికి 5 మాత్రమే మిగులుతుంది.

ఇదే లూప్‌తో అంకెలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే మాత్రం 0ను విడిగా చూసుకోండి. దానికి లూప్ ఒక్కసారీ తిరగదు, కానీ అందులో ఒక అంకె ఉంది.

ఒకసారి కాగితం మీద ప్రతి చుట్టులో సంఖ్య, అంకె, మొత్తం మూడు వరసలుగా రాసి చూడండి.