టెట్‌కి సైకాలజీ చదువుతున్న మనవరాలికి

కావలి

చిట్టితల్లీ,

టెట్ కోచింగ్‌కి నెల్లూరులో చేరావనీ, సైకాలజీ అంటేనే టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 150 మార్కుల్లో 30 దానివే కాబట్టి ఆ మాత్రం భయం ఉండొచ్చులే. నువ్వు మాత్రం బిట్ బ్యాంకును ఓ వారం అటక మీద పెట్టు. ముందు ప్రతి పాఠాన్నీ నీ మీదే వేసి చూసుకో.

సంవేదనకీ (కన్ను, చెవి లాంటివి అందించేది), ప్రత్యక్షానికీ (దాన్ని మెదడు అర్థం చేసుకునేది) తేడా దగ్గరే అందరూ తడబడతారు. తెల్లకాగితం మీద ఎడమవైపు కూడిక గుర్తు వెయ్యి. నాలుగు వేళ్ల ఎడంలో కుడివైపు చిన్న చుక్క పెట్టు. ఎడమ కన్ను మూసి, కుడికంటితో ఆ గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెచ్చుకో. జానెడు పైచిలుకు దూరంలో చుక్క మాయమవుతుంది. అప్పుడు చుక్క బొమ్మ కంటిలోపల, నరం బయటికి పోయే చోట పడుతుంది. అక్కడ వెలుగును పట్టే కణాలుండవు. అయినా నీకు అక్కడ చిల్లు కనబడదు, తెల్లకాగితమే కనబడుతుంది. కన్ను అందించనిదాన్ని మెదడు పూడ్చి చూపించింది. ఇక ఆ నిర్వచనం బట్టీ కొట్టే పనేముంది?

ముందున్న బరువును బట్టే తేడా తెలుస్తుందనే వెబర్ నియమానికి మన పొదలకూరు నిమ్మకాయలు చాలు. రెండు కాయలున్న సంచిలో ఇంకొకటి వేస్తే బరువు పెరిగిందని చేతికి తెలిసిపోతుంది. బస్తాలో వేస్తే తెలియనే తెలియదు. గంట వినబడితే చాలు చొంగ కార్చే పావ్లోవ్ కుక్క సంగతి నీకెటూ వచ్చు. ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది మాత్రం జీర్ణక్రియ మీద చేసిన పనికి, గంటకి కాదు!

స్మృతి, అంటే జ్ఞాపకశక్తి మీద ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లో పుస్తకం వేశాడు. అర్థంలేని అక్షరాలను తనే బట్టీపట్టి, తనే పరీక్షించుకున్నాడు. మరుపు మొదట్లోనే జోరుగా ఉంటుందని తేల్చాడు. అందుకే పొద్దున విన్నదాన్ని ఆ రాత్రే పుస్తకం మూసి రాసి చూసుకో. మళ్లీ రెండ్రోజులాగి రాయి.

మూర్తిమత్వం, అంటే మనిషి వ్యక్తిత్వం దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ చాప్టర్ చదివితే ఇంటిల్లిపాదికీ పేర్లు పెట్టే జబ్బు పట్టుకుంటుంది. నాకూ పట్టింది. నేను పాఠాలు చెప్పే ఏడో తరగతిలో ఒక పిల్లాడు వెనక బెంచీలో నోరు విప్పేవాడు కాదు. 'అంతర్ముఖుడు' అని నా నోట్‌బుక్‌లో రాసేసుకున్నా. ఒక ఆదివారం చేపల కోసం తుమ్మలపెంట పోతే, ఒడ్డున వాళ్లమ్మ పక్కన నిలబడి వీడే వేలం పాడుతున్నాడు. గాలిని మించిన గొంతు! పెద్దవాళ్లతో ఎగతాళి, బేరం, నవ్వులు. నన్ను చూశాడు. "నమస్తే సార్" అని గొణిగి తల దించేసుకున్నాడు.

ఆ సోమవారం నోట్‌బుక్‌లో ఆ మాట కొట్టేసి, వాణ్ని ముందు బెంచీకి తెచ్చి, లెక్కల పాఠానికి చేపల రేట్లు అడగడం మొదలుపెట్టా. నెల పట్టింది, కానీ నోరు విప్పాడు.

ఆదివారం రా. ఆ చుక్క మాయమైందో లేదో నాకు చెప్పాలి.

మీ తాతయ్య