రొమ్ము క్యాన్సర్ తర్వాత గర్భసంచి, అండాశయాలు కూడా తీసేయమంటున్నారు.. తీయించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. ఖమ్మం దగ్గర పల్లెటూరు. రెండేళ్ల క్రితం ఎడమ రొమ్ములో క్యాన్సర్ వస్తే ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. హార్మోన్ పాజిటివ్ అని చెప్పి టామాక్సిఫెన్ రాశారు, రోజూ వేసుకుంటున్నా. కీమో మొదలయ్యాక పీరియడ్స్ ఆగిపోయాయి. మొన్న స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర 12 ఎంఎం ఉందని, కుడి అండాశయంలో చిన్న నీటిబుడగ ఉందని వచ్చింది. బ్లీడింగ్ ఏమీ లేదు. ఇక్కడి డాక్టరమ్మ "పిల్లలు పుట్టేశారు కదా, రెండూ తీయించేసుకుంటే ఏ భయం ఉండదు" అంటున్నారు. మా ఆయన కూడా సరే అంటున్నారు, నాకే ఎటూ తోచట్లేదు. మా పిన్ని అండాశయం క్యాన్సర్‌తోనే పోయింది.

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ఆ పిన్ని మీ అమ్మగారి సొంత చెల్లెలా, లేక బాబాయి గారి భార్యా? బాబాయి భార్య అయితే మీకు రక్తసంబంధం లేదు కాబట్టి దీనికి లెక్కలోకి రాదు, అమ్మ చెల్లెలే అయితే మాత్రం స్కాన్‌లో వచ్చిన ఆ 12 ఎంఎం కంటే నేను ముందు దాని గురించే ఆలోచిస్తా. నాన్న వైపు మేనత్తలకి ఎవరికైనా వచ్చిందా అన్నది కూడా అడిగి తెలుసుకోండి, ఈ క్యాన్సర్లు తెచ్చే జన్యువు అటు నుంచి కూడా అంతే సమానంగా వస్తుంది.

గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. ఒకే ఆపరేషన్‌లో పోతాయి కదా అని ఒకే నిర్ణయంగా చూడకండి, దేన్ని ఎందుకు తీస్తున్నామో విడివిడిగా తేలాలి.

ముందు గర్భసంచి. టామాక్సిఫెన్ వాడేవాళ్లలో ఆ పొర స్కాన్‌లో మందంగా కనపడటం చాలా మామూలు, పొర కింద చిన్నచిన్న నీటిగదుల్లా తయారై అసలు ఉన్నదానికంటే మందంగా చూపిస్తుంది. అందుకే బ్లీడింగ్ లేనివాళ్లకి ఊరికే స్కాన్లు తీస్తూ పోవద్దంటాం. ఈ మందుతో గర్భసంచి క్యాన్సర్ రిస్క్ పెరిగేది ముఖ్యంగా ముట్లు పూర్తిగా నిలిచిపోయిన పెద్దవాళ్లలో. మీకు ఏమైనా అనుమానంగా ఉంటే హిస్టరోస్కోపీ (సన్నని కెమెరా గొట్టంతో గర్భసంచి లోపల చూడటం) చేసి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపించమనండి, పాలిప్ (చిన్న కండ) ఉంటే అప్పుడే తీసేస్తారు. బయాప్సీ కూడా లేకుండా పొర మందంగా ఉందని గర్భసంచే తీసేయడం నాకు నచ్చదు. అసలు మన దగ్గర ఈ ఆపరేషన్ మరీ ఈజీ అయిపోయింది, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఏపీలో 8.9, తెలంగాణలో 7.7.

అండాశయాల సంగతి వేరే. 50 లోపే రొమ్ము క్యాన్సర్ వచ్చింది, పైగా రక్తసంబంధంలో అండాశయం క్యాన్సర్ కూడా ఉందంటే బీఆర్‌సీఏ టెస్ట్ చేయించాల్సిందే, ఈ రెండు క్యాన్సర్లూ వంశంలో తెచ్చే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో తేడా ఉందేమో చూసే పరీక్ష అది. ఒక రక్తం శాంపిల్ ఇస్తే చాలు, రిపోర్టుకి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. బీఆర్‌సీఏ1లో తేడా ఉంటే జీవితకాలంలో అండాశయం క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 40 దాకా, బీఆర్‌సీఏ2 అయితే 15-20 దాకా ఉంటుంది, మామూలుగా అయితే నూటికి ఒకటి, అటూఇటుగా. పాజిటివ్ వస్తే ఇక తటపటాయించకుండా తీయించుకోమనే చెప్తా, ఎందుకంటే ఏటా స్కాన్, సీఏ-125 అనే రక్తపరీక్ష చేయించుకుంటూ ఉంటే ముందే పట్టేయొచ్చన్న నమ్మకం ఈ క్యాన్సర్‌లో లేదు. అయితే అండాశయాలతో పాటు ఫెలోపియన్ ట్యూబులు కూడా పూర్తిగా తీయాలి, చాలాసార్లు ఈ క్యాన్సర్ మొదలయ్యేది ట్యూబు చివర కుచ్చుల దగ్గరే. సంతకం పెట్టే ముందు కాగితం మీద "రెండు అండాశయాలు, రెండు ట్యూబులు" అని ఉందో లేదో చదవండి, తీసినవి మొత్తం ల్యాబ్‌కి పంపి సన్నగా కోసి చూడమని కూడా అడగండి. దీనికి గర్భసంచి తీయక్కర్లేదు. హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ గురించి వినే ఉంటారు, ఆవిడకి బీఆర్‌సీఏ1 ఉందని 2015లో అండాశయాలు, ట్యూబులు తీయించుకుంది, గర్భసంచి ఉంచుకుంది. బీఆర్‌సీఏ రిపోర్టులో "అర్థం తేలని మార్పు" (హాని చేసేదో కాదో ఇంకా తెలియనిది) అని వస్తే దాన్ని చూసి మాత్రం ఆపరేషన్‌కి పోవద్దు.

టెస్ట్ నెగెటివ్ వచ్చినా అండాశయాల గురించి ఆలోచించడానికి ఒక కారణం మిగిలే ఉంటుంది. మీది హార్మోన్ పాజిటివ్, అంటే ఆడ హార్మోన్ల వల్ల పెరిగే రకం, అందుకే కొందరికి అండాశయాల పని ఆపేస్తే రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుంది. అది మొదట వచ్చిన గడ్డ సైజు, గ్రేడు, చంక గ్రంథులను బట్టి మీ క్యాన్సర్ డాక్టరే చెప్పాలి. దానికి నెలనెలా వేసే గోసెరెలిన్ లాంటి ఇంజక్షన్ కూడా ఉంది, ముందు కొన్ని నెలలు అది వేయించుకుని చూస్తే అండాశయాలు లేకపోతే ఒళ్లు ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది, తట్టుకోలేకపోతే ఆపేయొచ్చు. ఆపరేషన్ అయితే వెనక్కి రాదు కదా. అన్నట్టు కీమోతో పీరియడ్స్ ఆగినంత మాత్రాన మెనోపాజ్ వచ్చేసినట్టు కాదు, అండాశయాలు మళ్లీ పనిచేయొచ్చు, గర్భం కూడా రావొచ్చు, కాబట్టి హార్మోన్ లేని పద్ధతేదైనా వాడండి, కాపర్-టీ లాంటిది. ఆ నీటిబుడగ కూడా టామాక్సిఫెన్ వల్ల వచ్చేదే కావొచ్చు, రెండు మూడు నెలలాగి ఇంకోసారి స్కాన్ తీస్తే తెలిసిపోతుంది.

"ఏ భయం ఉండదు" అన్నది మాత్రం నేను ఒప్పుకోను. 43కే అండాశయాలు తీస్తే ఒక్కసారిగా వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కింద పొడిబారడం, ఎముకలు గుల్లబారడం ఉంటాయి, మిగతావాళ్లకి ఇచ్చినట్టు మీకు హార్మోన్ టాబ్లెట్లు ఇవ్వకూడదు. ఎముకల బలం చూసే డెక్సా స్కాన్, కాల్షియం, విటమిన్ డి ముందే మాట్లాడుకోండి. ఆవిర్లకి పారోక్సెటిన్ అనే మందు రాస్తే టామాక్సిఫెన్ వాడుతున్నానని చెప్పండి, రెండూ కలిస్తే టామాక్సిఫెన్ పని తగ్గుతుంది.

ఇప్పుడైతే డేట్ ఇచ్చినా వెళ్లకండి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, నిమ్స్‌లోనో, మీకు ట్రీట్‌మెంట్ జరిగిన చోటో పాత ఫైలు మొత్తం పట్టుకెళ్లి ఆంకాలజిస్ట్‌కి (క్యాన్సర్ డాక్టర్‌కి) చూపించి బీఆర్‌సీఏ టెస్ట్ రాయించుకోండి. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి, ఆయనకీ ఇవన్నీ నేరుగా వింటేనే అర్థమవుతాయి. ఈలోగా చుక్క బ్లీడింగ్ కనపడినా రిపోర్టు కోసం ఆగకుండా గైనకాలజిస్ట్ దగ్గరకి వెళ్లండి, టామాక్సిఫెన్ మాత్రం మీ అంతట మీరు ఆపేయొద్దు.