భార్యాభర్తలం అమెరికాలో ఎక్స్‌పెడైటెడ్ ఫ్రైట్ (అర్జంటు సరుకు రవాణా) మొదలుపెడుతున్నాం, ఏ ట్రక్కు కొనాలి?

ఇద్దరూ నడుపుతారంటే స్లీపర్ (డ్రైవర్ సీటు వెనక పడక గది) ఉన్న స్ట్రెయిట్ ట్రక్కే తీసుకోండి, అంటే క్యాబిన్, సరుకు బాక్సు ఒకే చాసిస్ మీద ఉండే బండి. కార్గో వ్యాన్ చవకే గానీ, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక హాయిగా పడుకునే వీలుండదు. మీ బలమంతా ఆ నిద్రలోనే ఉంది. ఒక్క డ్రైవరైతే 10 గంటల విశ్రాంతి తర్వాత 11 గంటలే నడపాలి. ఇద్దరుంటే బండి ఆగక్కర్లేదు.

కాబట్టి పెయింటు, క్రోమ్ తర్వాత. ముందు స్లీపర్‌లోకి ఎక్కి, టెస్ట్ డ్రైవ్‌లో ఒకరు పడుకుని చూడండి. చట్టం అడిగే పడక కనీసం 75 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు. వారాల తరబడి అందులోనే కాపురమంటే అది ఇరుకే. ఇంజిన్ ఆపినా ఏసీ నడిపే ఏపీయూ ఉండాల్సిందే.

బండి జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో కలిపి బండికి తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువు) 26,001 పౌండ్లు, ఆపైన ఉంటే సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్సు) తప్పనిసరి.

నన్నడిగితే, మొదట వేరే ఓనరు బండి నడపండి. చేరబోయే క్యారియర్ (మీకు లోడ్లు ఇచ్చే రవాణా కంపెనీ) సరుకు బాక్సు కొలతలు, బండి వయసు గురించి ఏం అడుగుతుందో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.