అడ్డగాలిలో ఫైనల్ బాగానే వస్తోంది, ఫ్లేర్‌లోనే విమానం పక్కకి జారిపోతోంది. ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: సెస్నా 172 మీద నేర్చుకుంటున్నారు, ఫైనల్ (రన్‌వేకి సూటిగా దిగే చివరి భాగం) అంతా సెంటర్‌లైన్ మీదే వస్తోంది, కానీ ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు ఎత్తి నిదానించడం) మొదలుపెట్టగానే విమానం గాలి తోసిన వైపుకి జారి, టైర్లు కీచుమంటూ పక్కవాటుగా దిగుతోంది.

ఇన్‌స్ట్రక్టర్ కూర్చునే కుడి సీట్లోంచి చూస్తే దీనికి కారణం దాదాపు ప్రతిసారీ ఒక్కటే. యోక్‌ని (చేతిలో ఉండే స్టీరింగ్‌ని) వెనక్కి లాగేటప్పుడు చెయ్యి దాన్ని మధ్యకి కూడా తెచ్చేస్తుంది. అడ్డగాలిని ఆపడానికి గాలి వైపు వాల్చిన రెక్క నేల దగ్గర అలాగే ఉంటే భయం వేస్తుంది, సమం చెయ్యాలనిపిస్తుంది. అలా చేసిన మరుక్షణం గాలిని ఆపేది ఏదీ లేదు, విమానం దాంతోపాటే పోతుంది. అక్కడ జరగాల్సింది దీనికి సరిగ్గా తిరగేసి. వేగం తగ్గేకొద్దీ ఎయిలరాన్ (యోక్ తిప్పితే రెక్కని వాల్చేది), రడ్డర్ (పెడల్స్ తొక్కితే ముక్కుని పక్కకి తిప్పేది) రెండూ ఇంకా ఎక్కువ కావాలి.

లెక్క వేసి చూడండి. అడ్డగాలి 10 నాట్లు (నాట్ అంటే గంటకి సుమారు 1.85 కి.మీ.), మీ వేగం 65 నాట్లు అయితే గాలి విమానాన్ని పక్కకి తోసే కోణం సుమారు 9 డిగ్రీలు. అదే గాలిలో వేగం 48కి పడితే 12 డిగ్రీలు. పైగా వేగం పడేకొద్దీ రెక్కల మీద, తోక మీద పారే గాలి బలం తగ్గుతుంది కాబట్టి యోక్ అంతే తిప్పితే అంత పని జరగదు. నేలకి దగ్గర్లో గాలి కాస్త తగ్గే మాట నిజమే కానీ, హ్యాంగర్ల వెనక, చెట్ల వెనక అది సుడులు తిరుగుతుంది. తగ్గుతుందిలే అని ముందుగానే కంట్రోల్స్ వదలకండి.

రెక్క తగులుతుందన్న భయం విషయం. 172కి రెక్కలు పైన ఉంటాయి, అంచు నేల నుంచి రెండు మీటర్లకు పైనే. 10 నాట్ల అడ్డగాలికి మీరు వాల్చేది మహా అయితే ఐదారు డిగ్రీలు. ఆ మాత్రానికి రెక్క నేలని తాకదు. పక్కకి జారుతూ దిగితేనే అసలు దెబ్బ. ల్యాండింగ్ గేర్ మీద పక్క నుంచి పడే బరువు అది.

ఇక మొదటి నుంచి చెప్తాను. డౌన్‌విండ్‌లో (దిగే ముందు రన్‌వే పక్కగా, దిగే దిశకి ఎదురుగా వెళ్లే భాగంలో) ఉండగానే అడ్డగాలి ఎంతో తేల్చుకోండి. గాలి రన్‌వేకి 30 డిగ్రీలు పక్కగా ఉంటే దాని వేగంలో సగం, 45 అయితే ముప్పావు వంతు దాకా, 60 దాటితే మొత్తం అడ్డగాలే అనుకోండి. బేగంపేటలో రన్‌వే 27కి (అంటే 270 డిగ్రీల దిశకి) వస్తున్నారు, టవర్ 240 డిగ్రీల నుంచి 14 నాట్లు, గస్ట్ (ఉన్నట్టుండి వచ్చే గాలి విసురు) 22 అంది అనుకుందాం. తేడా 30 డిగ్రీలు, కాబట్టి అడ్డగాలి మామూలుగా 7, గస్ట్‌లో 11. నిర్ణయం ఎప్పుడూ గస్ట్ అంకె మీద తీసుకోండి. 172ఎస్ పుస్తకంలో 15 నాట్లు అని ఉంటుంది. అది ఆ విమానంతో టెస్ట్ పైలట్ చేసి చూపించిన గాలి. మీకు వర్తించేది మీ ఇన్‌స్ట్రక్టర్ రాసిచ్చిన సోలో పరిమితి.

గస్ట్‌కీ మామూలు గాలికీ తేడాలో సగం అప్రోచ్ వేగానికి కలపండి. పై ఉదాహరణలో తేడా 8, సగం 4, కాబట్టి 65 బదులు 69. అంతకన్నా ఎక్కువ కలిపితే ఫ్లోట్ అవుతుంది (దిగకుండా తేలుతుంది), ఫ్లోట్ అయినంతసేపూ గాలి తోస్తూనే ఉంటుంది. ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు) రన్‌వే పొడవుకి సరిపడా కనీసం పెట్టుకోండి. పొడవైన రన్‌వే అయితే 20 డిగ్రీలు చాలు. 20 దాటి ఫ్లాప్స్ వేసి, రడ్డర్ పూర్తిగా తొక్కి స్లిప్ (రెక్క ఒక వైపు వాల్చి, రడ్డర్ ఎదురు వైపు తొక్కడం) చేస్తే 172లో ఎలివేటర్ (తోకలో ముక్కుని పైకీ కిందికీ కదిపే పలక) కొంచెం ఊగినట్టు అనిపించవచ్చు, పుస్తకంలోనే ఆ హెచ్చరిక ఉంది.

ఫైనల్ మీద క్రాబ్‌లోనే రండి. రెక్కలు సమంగా, ముక్కు గాలి వైపు. పెద్ద విమానాల్లో క్రాబ్‌ని చివరి క్షణంలో విప్పుతారు. నేర్చుకునే దశలో దాన్ని అనుకరించకండి, 200 అడుగుల దగ్గరే వింగ్-లో పద్ధతికి (గాలి వైపు రెక్క వాల్చి రావడం) మారితే సర్దుకోవడానికి టైం ఉంటుంది. మన ఉదాహరణలో గాలి ఎడమ నుంచి వస్తోంది కాబట్టి కుడి రడ్డర్‌తో ముక్కుని రన్‌వే వెంబడి నిలపండి, ఎడమ ఎయిలరాన్‌తో జారుడు ఆపండి. రెండు పనులూ కలపొద్దు: ముక్కు పని పాదాలది, జారుడు పని చేతులది. ముక్కు పక్కకి తిరిగితే యోక్ జోలికి వెళ్లకండి, విమానం జారుతుంటే రడ్డర్‌తో దిద్దకండి. స్లిప్‌లో డ్రాగ్ పెరిగి ఎత్తు తొందరగా పడుతుంది, దానికి థ్రాటిల్ కాస్త జోడించాలి. ఆర్‌పీఎం 100 అటూ ఇటూ.

ముక్కు నిజంగా రన్‌వే వెంబడే ఉందా అన్నది చాలామంది తప్పుగా చూస్తారు. మీరు విమానం మధ్యలో లేరు, ఎడమ పక్కన ఉన్నారు. ముక్కు కొసని సెంటర్‌లైన్ మీద పెడితే విమానం ఎడమకి తిరిగి ఉంటుంది. మీ కళ్లకి సూటిగా ఎదురుగా, కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) మీద ఒక రివెట్‌ని గుర్తు పెట్టుకోండి. ఆ రివెట్ వెనక రన్‌వే చివర ఉంటే ముక్కు సూటిగా ఉన్నట్టు. దొరక్కపోతే ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి విండ్‌షీల్డ్ మీద చెరిగిపోయే మార్కర్‌తో చుక్క పెట్టుకోండి. చూపు మాత్రం రన్‌వే చివరి మీదే ఉండాలి, ముక్కు ముందున్న తారు మీద కాదు.

దిగేటప్పుడు ఎడమ మెయిన్ చక్రం ముందు తాకుతుంది. ఒక్క చక్రం మీద పరిగెత్తడం వింతగా ఉంటుంది, అలాగే ఉంచండి. కుడి చక్రం దానంతట అదే వాలుతుంది, చివరగా నోస్‌వీల్ (ముక్కు కింది చక్రం). అది తాకేముందు పాదాలు మధ్యకి తెచ్చే అలవాటు చేసుకోండి, ముఖ్యంగా రేపు పైపర్ ఎక్కితే, అందులో నోస్‌వీల్ పెడల్స్‌కి నేరుగా కలిపి ఉంటుంది, తొక్కి ఉంచితే తాకగానే పక్కకి లాగేస్తుంది. త్వరగా నిలబెట్టాలని యోక్ ముందుకి తోయకండి. బరువు నోస్‌వీల్ మీదికి పోయి మెయిన్ చక్రాలు తేలికైతే విమానం అదుపు తప్పేది అక్కడే.

చక్రాలు తాకాక యోక్ వదిలేయడం రెండో తప్పు. తోక నిలువు భాగం గాలికి తెరచాపలా పనిచేసి ముక్కుని గాలి వైపు తిప్పాలని చూస్తుంది, ఎడమ రెక్క లేవాలని చూస్తుంది. వేగం పడేకొద్దీ యోక్‌ని ఎడమకి పెంచుతూ, ఆగేసరికి పూర్తిగా తిప్పి ఉంచండి. టాక్సీలోనూ అంతే: గాలి ముందు పక్క నుంచి ఉంటే యోక్ గాలి వైపు, వెనక పక్క నుంచి ఉంటే గాలికి అవతలి వైపు తిప్పి ముందుకి తోసి.

రడ్డర్ పూర్తిగా తొక్కినా ముక్కు సూటికి రాకపోతే ఆ గాలి ఆ రన్‌వేకి ఎక్కువే, గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి వెళ్లడం). బెలూన్ అయినా (ఫ్లేర్‌లో మళ్లీ పైకి లేచినా), జారుడు ఆగకపోయినా అంతే. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. గాలి కుడి నుంచి ఉంటే మీ ఎడమ పాదం పెడల్ మీద ఉంటుంది. ఫుల్ పవర్ ఇచ్చేసరికి ఇంజిన్ కూడా ముక్కుని ఎడమకే లాగుతుంది, రెండూ కలిసి విమానం గట్టిగా తిరుగుతుంది. థ్రాటిల్ తోసే చేయితోపాటే పాదం మారాలి: ఎడమ వదిలి, కుడి తొక్కాలి. రెక్కలు సమం చేసి, ఫ్లాప్స్ 20కి తెచ్చి, విమానం ఎక్కుతోందని తేలాకే మిగతావి.

తర్వాతి సార్టీలో (శిక్షణకి ఎగిరేటప్పుడు) ల్యాండింగ్ పక్కన పెట్టి ఇది అడగండి: పొడవైన రన్‌వే మీద 10 అడుగుల ఎత్తున, కొంచెం పవర్‌తో, దిగకుండా చివరిదాకా వెళ్లడం. ముక్కు సూటిగా ఉంచి, ఎయిలరాన్‌తో మాత్రమే సెంటర్‌లైన్ నుంచి ఎడమ అంచుకి, మళ్లీ మధ్యకి, మళ్లీ కుడి అంచుకి జరపండి, ప్రతిచోటా ఆపండి. ల్యాండింగ్‌లో ఆ స్థితిలో ఉండేది నాలుగైదు సెకన్లు. ఇందులో ఒక్క పాస్‌కే అరనిమిషం దొరుకుతుంది.