ప్రేమ నిండా ఉంది, గేదె లేదు

ప్రశ్న: అమ్మగారూ, నేను రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగిని. శ్రావణంలో నిశ్చితార్థమైంది, మాఘంలో పెళ్లి. ఆయన డాలస్‌లో ఉంటారు. మొదట్లో వాట్సాప్‌లో ‘తిన్నావా’, ‘మీటింగులో ఉన్నాను’ అని రాసేవారు. కొన్నాళ్లుగా ‘నీ చిరునవ్వే నా ఉదయాలకు వెలుగు’ వంటివి వస్తున్నాయి. మొన్న ఒకదాని చివర ‘దీన్ని ఇంకొంచెం ఆప్యాయంగా మార్చి ఇవ్వమంటారా?’ అని ఉంది. వెంటనే చెరిపేశారు కానీ అప్పటికే చదివేశాను. అడిగింది రాసిపెట్టే ఏఐ యాప్ చాట్‌జీపీటీతో రాయిస్తున్నారని అర్థమైంది. అడగనా, ఊరుకోనా? నేనూ అదే వాడితే తప్పా?
– ఒక పాఠకురాలు

జవాబు: నవ్వొచ్చింది తల్లీ, ఏమీ అనుకోకు. రాయించుకున్నవాడు చివరిదాకా చదవకుండా పంపాడు చూడు, నా కోపమంతా దాని మీదే.

ఒకరి చేత ఉత్తరం రాయించుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. మా కోనసీమలో సాయంత్రమైతే, కువైట్‌లో ఉన్నవాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టమని ఆడవాళ్లు మా అరుగు మీదికి వచ్చేవారు. ‘ఉభయకుశలోపరి’ వరకు నాది, ఆ తరువాతంతా వాళ్లది. ఒకావిడ భర్తకు ‘గేదె ఈనింది, పెయ్యదూడ. మీ అమ్మ నాతో మాట్లాడటం లేదు. వానకు వంటింటి పెంకులు జారాయి’ అని రాయించి, ఇక చాలంది. ప్రేమ అనే మాట అందులో లేదు, నేను చేర్చనూ లేదు. మీ వాడి ఉత్తరాల్లో ప్రేమ నిండా ఉంది, గేదె లేదు.

అలాగని మోసగాడనుకోకు. ఇంగ్లిషు మీడియం పిల్లలకు తెలుగులో నాలుగు వాక్యాలు రాయాలంటే చెమటలు పడతాయి. అడుగు, అయితే వీడియో కాల్‌లో, నవ్వుతూ అడుగు. ‘ఇంతకీ ఆప్యాయత పెంచమన్నారా, వద్దన్నారా?’ అంటే చాలు, ఆయనకే తెలుస్తుంది. రాయడమే కష్టమైతే వాయిస్ మెసేజ్ పంపమను. లేదా కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే ఫోనే టైపు చేస్తుంది. అక్షరాలు యంత్రానివి, మాట ఆయనది. అక్కడ రాత్రి 9 అంటే ఇక్కడ ఉదయం 7.30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకున్నాక 8.30, నువ్వు బ్యాంకుకు పరుగెత్తే వేళ. ఈ లెక్క కూడా ఫోనుకే అప్పగించండి, సగం అలకలు తగ్గుతాయి.

నువ్వు వాడటమా? ఆయన మేనేజరుకు శుభలేఖతో పాటు ఇంగ్లిషులో నాలుగు ముక్కలు రాయాలంటే నిక్షేపంగా వాడుకో. ఆయనకు మాత్రం వద్దు. రెండు యంత్రాలు ఒకదాన్నొకటి ‘నా ప్రాణమా’ అని పిలుచుకోవడానికి మీరు డేటా ఖర్చు పెట్టడం దేనికి?

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. జవాబు రాయించాలంటే నీ సందేశాన్ని కాపీ చేసి ఆ చాట్‌జీపీటీలో పెట్టి ఉండాలి కదా. వాట్సాప్‌లో మీ ఇద్దరి మాటలు మూడోవారి కంట పడకుండా ఎన్‌క్రిప్షన్ అనే తాళం ఉంటుంది, 2016 నుంచి అందరికీ ఉంది. వేరే యాప్‌లో అతికించిన కాపీకి ఆ తాళం వర్తించదు. మీ నాన్నగారి అప్పు గురించో, నీ ఆరోగ్యం గురించో రాసి ఉంటే అది ఆ కంపెనీ సర్వర్‌కు చేరినట్టే. నా మాటలు అక్కడ పెట్టవద్దని సూటిగా చెప్పు. ఇది మాఘం దాకా ఆగే సంగతి కాదు, ఈ ఆదివారమే చెప్పు.