శాలరీ శాక్రిఫైస్ కారా, మోటబిలిటీ కారా?

బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తూ, ఇంట్లో నడవలేని మనిషి ఉన్నప్పుడు, ఆఫీసు ద్వారా జీతంలోంచి కోతతో వచ్చే శాలరీ శాక్రిఫైస్ కారు, వికలాంగుల భత్యం బదులు ఇచ్చే మోటబిలిటీ కారు, ఈ రెండింట్లో ఏది మేలన్నది మీ ప్రశ్న. అర్హత ఉంటే మోటబిలిటీకే నా ఓటు.

శాలరీ శాక్రిఫైస్‌లో కారు అద్దెను పన్ను పడకముందే జీతంలోంచి కోస్తారు. ఇన్‌కమ్ ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ ఆ మేరకు తగ్గుతాయి. బదులుగా కంపెనీ కారు పన్ను పడుతుంది. ఎలక్ట్రిక్ కారుకు అది కారు ధరలో 3 శాతం మీదే (2025-26), అందుకే లాభం. పెట్రోలు కారుకు ఆ లెక్క కుదరదు. జీతం కనీస వేతనం కంటే కిందికి పోకూడదు. ఉద్యోగం మధ్యలో మానేస్తే కారు తిరిగివ్వాలి, జరిమానా కూడా పడొచ్చు. అసలు భయం అదే.

1977లో మొదలైన మోటబిలిటీకి జీతంతో పనిలేదు. పిప్ (వికలాంగులకు, దీర్ఘకాలిక రోగులకు ప్రభుత్వం ఇచ్చే భత్యం)లో మొబిలిటీ భాగం, అంటే నడక, ప్రయాణాల కోసం ఇచ్చే భాగం, పెద్ద రేటులో, అంటే 2025-26లో వారానికి 77.05 పౌండ్లు, వస్తుంటే ఆ డబ్బు బదులు కారు తీసుకోవచ్చు. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు అన్నీ అందులోనే. కొన్ని మోడళ్లకు ముందుగా కొంత కట్టాలి. వికలాంగులే నడపాలని లేదు, వాళ్ల అవసరానికి ఇంట్లోవాళ్లు నడపొచ్చు. పిప్ ఆగిపోతే మాత్రం కారూ పోతుంది.

మనవాళ్లు ఒకటి గమనించాలి: వీసా మీద ‘ప్రభుత్వ నిధులు వర్తించవు’ అన్న షరతు ఉంటే సాధారణంగా పిప్ రాదు. అప్పుడు శాలరీ శాక్రిఫైస్ కారు సంగతే చూసుకోండి, సంతకానికి ముందు, జీతం తగ్గడంతో పెన్షన్ ఎంత తగ్గుతుందో హెచ్‌ఆర్‌ను అడగండి.