పనిలో తప్పు చేసి దొరికిపోయాక మళ్లీ ముఖం ఎలా చూపించాలి?

పనిలో పెద్ద తప్పు చేశాను, అందరికీ తెలిసిపోయింది, మళ్లీ మొదట్నుంచి మొదలెట్టడం ఎలా అని అడిగారు కదా. నాకు జరిగింది చెప్తాను, పనికొస్తే తీసుకోండి.

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా ఊరు ఒడిశాలోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇప్పుడు ఆంధ్రలో ఉంది, అందుకే మా దగ్గర శుభలేఖ అంటే ఒక పక్క తెలుగు ఒక పక్క ఒడియా. నాది డీటీపీ షాపు. తెలుగు కొట్టడానికి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు. ఒడియా గడగడా మాట్లాడతాను గానీ రాయడం అప్పట్లో అంతంతే, పాత కార్డు ఫైలు తెరిచి పేర్లు మార్చి లాగించీసేవాణ్ని.

2016 పెళ్లిళ్ల సీజన్లో ఒకాయన కూతురి కార్డులు 400 ఇచ్చారు. ముహూర్తం గురువారం రాత్రి 2.15, తెల్లవారితే శుక్రవారం. ఆ "తెల్లవారితే" అన్నది ఒడియాలో ఎలా రాస్తారో నాకు తెలీలేదు. ఎవర్నైనా అడగొచ్చు కదా, అడగలేదు, నామోషీ. రెండుంపావు అంటే క్యాలెండర్ ప్రకారం శుక్రవారమే కదా అని "శుక్రవారం రాత్రి 2.15" అని కొట్టి వదిలేశాను. అంటే ఆ పక్క చదివి శుక్రవారం సాయంత్రం దిగినోళ్లకి పందిరి విప్పుతూ కనపడుతుందన్నమాట!

పెళ్లి ఎనిమిది రోజులుందనగా గుణుపూర్ నుంచి వాళ్ల చుట్టమొకరు ఫోన్ చేసి ఏ రోజు రావాలి అని అడిగితే బయటపడింది. పెళ్లికూతురి నాన్నగారు షాపుకొచ్చారు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏటో తెలుసా, "ప్రూఫ్ చూసి సంతకం పెట్టింది మీరే కదండీ". ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయారు. రాత్రి అన్నం దగ్గర గొప్పగా ఇదే చెప్తే మా అమ్మ, "ఆయనకి ఒడియా చదవడం రాదని నీకు తెలుసా, తెలీదా?" అంది. తెలుసు. ఇంక ముద్ద దిగలేదు.

పొద్దున్నే వాళ్లింటికెళ్లాను. ఇక్కడొక చిన్న సంగతి. మనం "తప్పు జరిగిపోయిందండీ" అంటాం, ఒడియాలో అయితే "భుల హెయిగలా", వానొచ్చింది అన్నట్టు, దానంతటదే జరిగినట్టు. దార్లో నేనూ అదే అనుకుంటూ వెళ్లాను, గుమ్మం దగ్గర మాత్రం "తప్పు నేనే చేశానండీ, రాయడం రాక చేశాను" అన్నాను. తర్వాత ఆపకుండా సారీలు చెప్పి ఏడుపు మొహం పెట్టాను చూడండి, అది వేస్టు, చివరికి పెళ్లి పనులు మానేసి ఆయనే నన్ను ఓదార్చాల్సి వచ్చింది. మీరు మాత్రం అలా చెయ్యకండి, తప్పు నాదే అని చెప్పి, ఎప్పటికి సరిచేస్తారో చెప్పి, లేచి వచ్చీయండి.

అప్పటికి 150 దాకా పంచేశారు. కొత్తవి నా డబ్బుతో వేశాను, 9,000 దాకా అయింది, లిస్టు తీసుకుని బండి మీద కాశీనగర్, గుణుపూర్ తిరిగి పాత కార్డు తీసుకుని కొత్తది చేతిలో పెట్టాను. ప్రతి గుమ్మం దగ్గరా అదే కథ మళ్లీ చెప్పాలి. మొదటి ఇంట్లో గొంతు పట్టీసింది, ఇరవయ్యో ఇంటికొచ్చేసరికి నాకే నవ్వొచ్చింది.

ఆ సీజన్లో శుభలేఖలు ఇంక రాలేదు. చిన్న ఊరు కదా, తెలిసిపోతుంది. బిల్ బుక్కులు, కరపత్రాలతో నెట్టుకొచ్చాను, సాయంత్రాలు ఒక రిటైర్డ్ ఒడియా మాస్టారి దగ్గర రెండో తరగతి పుస్తకం నుంచి కూర్చున్నాను, పక్కన వాళ్ల మనవడు, వాడిది నాకన్నా మంచి రాత. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లో పంతులుగా పనిచేస్తూనే సవర భాష నేర్చుకున్నారు, నేను పుట్టిన రాష్ట్రం భాష రాయలేకపోయాను, ఆ సిగ్గే నన్ను కూర్చోబెట్టింది అనుకుంటాను. ఇప్పుడు ఒడియా చదివేవాళ్లని తోడు తెచ్చుకోనిదే ప్రూఫ్ మీద సంతకం పెట్టనివ్వను. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఆయన రెండో అమ్మాయి పెళ్లికి కార్డులు వేరే షాపులో వేయించారు. నాకూ ఒకటి ఇచ్చారు. ముందు ఒడియా పక్కే చదివాను, తేదీ కరెక్టే. వెళ్లి భోంచేసి వచ్చాను.